పుట్టింటికి వెళ్ళిన రాయి

నిన్న మా మేనకోడలు, కృష్ణానది మధ్యలో ఉన్న ఆ కొండకు వెళ్ళి, మధ్యాహ్నం నుంచి ఫొటోలు పంపడం మొదలుపెట్టింది. లాంచీ. లాంచీలో తను. లాంచీ కమ్మీ పట్టుకుని జుట్టు ఎగరేసుకుంటూ మళ్ళీ తను. చుట్టూ నీళ్ళు, నీళ్ళ మధ్య కొండ, కొండ మీద మళ్ళీ తను. నేను అప్పుడే అన్నం తిని నడుం వాల్చాను. ఫోను టింగుమంటుంటే కన్ను మూతపడదు. తీసి చూద్దామంటే కళ్ళజోడు దొరకదు. దొరికి చూసేసరికి ఇంకో నాలుగు వచ్చి ఉంటాయి. చివరికి తనే ఫోను చేసింది.

“అత్తా, నువ్వెప్పుడైనా ఇక్కడికి వచ్చావా?”

“వచ్చాను.”

“మ్యూజియం ఎంత బాగుందో కదా!”

“ఏమో. చూళ్ళేదు.”

“ఇంతదూరం వచ్చి మ్యూజియం చూడకుండా వెళ్ళావా?”

మా నాయనమ్మతో ఒక్కసారి ప్రయాణం చేసి ఉంటే ఆ ప్రశ్న అడిగేది కాదు. పాపం, నాయనమ్మ పోయేనాటికి దీనికి ఇంకా పళ్ళు కూడా రాలేదు.

మాది వినుకొండకు ఇవతల నల్లరేగడి ఊరు. పత్తి, మిరప తప్ప మూడో మాట వినపడేది కాదు. మాఘం దాటేసరికి ఊరి చుట్టూ కల్లాల నిండా కాయలు ఆరబోసేవాళ్ళు. దూరం నుంచి చూసి ఎర్రచీర పరిచినట్టుందని ముచ్చటపడేవాళ్ళని ఒక్క పూట ఆ కల్లంలో కూర్చోబెట్టి రంగుపోయిన తాలుకాయలు ఏరించాలి. వేళ్ళు మండుతాయి. ఆ వేలితో మరిచిపోయి కన్ను నలుపుకుంటే ఆ రోజుకు చదువు లేదు. నా పరీక్షలు సరిగ్గా అప్పుడే వచ్చేవి. నా చదువంతా తుమ్ములతోనే సాగింది.

ఆ కల్లానికి ఈశాన్యం మూల ఒక రాయి ఉండేది. నెలల పిల్లంత. వెనకవైపు చదునుగా ఉండేది. ముందువైపు ఏముందో చెప్పడం కష్టం. పసుపు మీద పసుపు, కుంకుమ మీద కుంకుమ, దానిమీద నువ్వులనూనె, ఆ నూనెకి అంటుకున్న మిరపదుమ్ము, అన్నీ ఏళ్ళతరబడి పెచ్చులు కట్టి, మధ్యలో రెండు వెండికళ్ళు. అదీ మా కల్లం అమ్మవారు. చిన్నప్పుడొకసారి ఎవరూ లేనప్పుడు పిన్నీసుతో అంచున ఆ పెచ్చు గీకి చూశాను. లోపల తెల్లగా, కాస్త లేతపచ్చగా, వంపు తిరిగిన గీత ఒకటి కనపడింది. అది ఏమిటో తేలేలోపు వీపు మీద పడింది.

“అమ్మ మొహం గీకుతావటే! నీ మొహం గీకితే ఊరుకుంటావే?”

నాయనమ్మ దగ్గర దానికి ‘అమ్మ’ అనే పేరొక్కటే చెల్లేది. రాయి అని నోరుజారినవాడికి మా ఇంట్లో ఆ పూట పెరుగు లేదు. మా బాబాయి పెళ్ళయిన మగవాడై ఉండి కూడా రెండు మూడుసార్లు మజ్జిగ లేకుండా లేచిపోయాడు.

నాయనమ్మ పుట్టిన ఊరు ఆ కొండ కిందే ఉండేది. అప్పటికి అది ద్వీపం కాదు, లోయ మధ్య మామూలు కొండ. నాగళ్ళకు చెక్కిన రాళ్ళు తగలడం ఆ ఊళ్ళో మామూలేనట. వాళ్ళ నాన్నకు చాలులో ఈ రాయి దొరికితే కడిగి, పసుపు రాసి, కల్లంలో నిలబెట్టాడు. తర్వాత డ్యాము కట్టారు. లోయంతా నీళ్ళొచ్చి ఊరు మునిగింది, కొండ నెత్తి మాత్రం పైకి మిగిలింది. వాళ్ళ తమ్ముడు ఇల్లు ఖాళీ చేసి పోతూ పోతూ ఎడ్లబండి మా వాకిట్లో ఆపి, రాయిని నాయనమ్మ చేతుల్లో పెట్టాడు. “అక్కా, మేం ఏ గడ్డన పడతామో తెలీదు. దీన్ని నువ్వే సాకు” అన్నాడట. అందుకని నాయనమ్మ దృష్టిలో ఆ అమ్మవారు దేవత కంటే ముందు ఆడపిల్ల. ఒక ఊరి ఆడపిల్లలు ఇద్దరూ ఒకే ఇంటికి వచ్చి పడ్డారని లెక్క.

నేను చెబుతున్న ఏడాదికి ముందు మాకు పత్తి వరసగా రెండేళ్ళు పోయింది. తెల్లదోమ, దాని వెనకే పురుగు. బాబాయి కొట్టని మందు లేదు. ఇల్లంతా ఆ మందుల వాసనే. అన్నం కలుపుకుంటే అన్నంలో కూడా అదే. ఒక రాత్రి భోజనాల దగ్గర నాయనమ్మ ఉన్నట్టుండి అంది.

“మందులు కాదురా. అమ్మకి బెంగ.”

“ఏం బెంగ?” అన్నాడు బాబాయి.

“పుట్టింటి బెంగ. నీళ్ళొచ్చినకాడ్నించి ఒక్కసారన్నా తీసుకుపోయినామా? నన్ను మీ నాన్న ఏడాదికోసారి పంపించేవాడు. నాకున్న ఆశ దానికుండదా?”

“పుట్టిల్లు నీళ్ళకింద ఉందే అమ్మా!”

“కొండ పైకే ఉందిగా. ఆడ నిలబడితే ఊరు కనపడదూ?”

బాబాయి మా నాన్న వైపు చూశాడు. నాన్న కంచంలోకి చూశాడు.

“ఈ ఏడు మిరపన్నా దక్కాలంటారా, అక్కర్లేదంటారా?” అంది నాయనమ్మ. అంతే. రెండేళ్ళు పంట పోగొట్టుకున్న ఇంట్లో ఆ మాటకు ఎదురు చెప్పే మగవాడు లేడు.

అప్పుడు గోడ పక్కనుంచి ఒక గొంతు “నేనూ వస్తాను” అంది. ఆ గొంతు నాదేనని అందరితోపాటు నాకూ కాస్త ఆలస్యంగా తెలిసింది.

నేను మాట్లాడేదాన్ని కాదు. ఇంటికి చుట్టాలొస్తే వంటింటి తలుపు వెనక ఉండేదాన్ని. చెప్పాల్సినవన్నీ రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. కాలేజీ ఉన్న టౌనులో లైబ్రరీ ఒకటి ఉండేది. ఆ కొండ గురించి, లోయలో తవ్వి తీసి పైకి చేర్చిన శిల్పాల గురించి అక్కడే చదివాను. చూపించమని ఇంట్లో మూడేళ్ళుగా అడుగుతున్నాను. ఆ వేసవితో నా డిగ్రీ అయిపోతుంది. ఆ తర్వాత నా ప్రయాణాలు ఎవరి చేతిలో ఉంటాయో, ఎటువైపు సాగుతాయో నాకు తెలుసు. ఆ ఒక్కరోజు పోతే ఇంక పోయినట్టే.

డైరీలో బోలెడు పేజీలు ఖాళీగా వదిలి పెట్టుకున్నాను, శిల్పాల దగ్గర రాసుకోవడానికి. కొత్త రీఫిల్ వేశాను. ఎంత అమాయకురాలిని!

తెల్లవారుజామున బయల్దేరాం. నాన్న మొదటి కోత బస్తాలతో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాడు. కల్లంలో రెండో కోత కాయ ఆరుతోంది. అమ్మకి కల్లం అప్పగిస్తూ బాబాయి ఆకాశం వైపు చూసి, “వదినా, మబ్బు పట్టిందంటే పట్టాలు కప్పించెయ్. కాయ తడిసిందంటే తాలే” అన్నాడు. ఆ మాట ఆ రోజంతా అంటూనే ఉన్నాడు, మాకూ, బస్సు డ్రైవరుకీ, కృష్ణకీ.

నాయనమ్మ అమ్మవారికి కొత్త రవికగుడ్డ చుట్టి, తన పట్టుచీరలో మూటగట్టింది. చలిమిడి, పులిహోర, పెరుగన్నం, గాజులు, పసుపుకుంకుమ ఒక బుట్టలో పెట్టింది. ఆ బుట్ట అడుగున నేను లైబ్రరీ పుస్తకం దాచాను. పులిహోర నూనె దాని అట్ట మీద దక్షిణ భారతదేశం ఆకారంలో మరక చేసింది.

బస్సులో కండక్టరు మూటను కాలితో తట్టి, “లగేజీకి టిక్కెట్టు తీసుకోవాల మామ్మా” అన్నాడు.

“కాలు తియ్ ముందు! అది లగేజీ కాదు, పిల్ల. ఒళ్ళో కూర్చున్న పిల్లకి టిక్కెట్టేంది?”

ఆ మాట నిలబెట్టుకోవడానికి మూటని ఒళ్ళో పెట్టుకోవాల్సి వచ్చింది. ఒడి నాది. మాచర్ల దాటేసరికి నాకు నడుం కింద ఏమీ లేనట్టే ఉంది. గుంట వచ్చినప్పుడల్లా అమ్మవారు ఎగిరి నా మోకాళ్ళ మీద కూర్చునేది. ముక్కు దగ్గరే మిరపఘాటు. తుమ్మితే నాయనమ్మ ‘చిరంజీవ’ అనేది, నన్ను కాదు, మూటని.

లాంచీ ఎక్కాక కాస్త గాలి తగిలింది. డీజిలు వాసన, తడిసిన కొబ్బరితాడు వాసన, నీళ్ళ మీది చల్లదనం. లాంచీ మనిషి ఒకాయన కథ చెబుతున్నాడు. ఆ కొండ మీద పూర్వం ఒక ఆచార్యుడు ఉండేవాడట, పసరు పోసి రాళ్ళని బంగారం చేసేవాడట.

“రాళ్ళని బంగారం చేస్తే మనకేం లాభం? తెల్లదోమకి పసరేమన్నా కనిపెట్టాడా?” అన్నాడు బాబాయి. పక్కన కూర్చున్న రైతులు నవ్వారు. ఆచార్యుణ్ణి వదిలేసి అంతా పత్తిలో పడ్డారు. ఎవరి మందు ఏ పురుగుని ఎంత బలిపించిందో చెప్పుకుంటూ నది దాటుతున్నారు.

నేను నీళ్ళు చూస్తూ, దగ్గరవుతున్న కొండను చూస్తూ కూర్చున్నాను. పక్కన చర్రుమని కాగితం చిరిగిన చప్పుడైంది. పట్టించుకోలేదు. మళ్ళీ చర్రుమంది. తిరిగి చూస్తే నాయనమ్మ చేతిలో నా డైరీ.

“నాయనమ్మా!”

“అరుస్తావేందే? పుట్టింటికి పోయే పిల్ల చలిమిడి నలుగురికీ పంచొద్దూ? ఆకులు తేవడం మర్చిపోయినా.”

“అది నా డైరీ!”

“రాసేసిన కాయితాలేలే. తెల్లవి తియ్యలేదు, నీకు పనికొస్తాయని.”

అదీ నాయనమ్మ దయ. లాంచీలో ఉన్న ప్రతి మనిషి చేతిలోనూ చలిమిడి ముద్ద, ముద్ద కింద నా మనసు. ఎదురుగా గడ్డం ఉన్న పెద్దాయన ఒకాయన చలిమిడి నోట్లో వేసుకుని, కాగితం దూరంగా పట్టుకుని గట్టిగా చదివాడు. “‘ఈ ఇంట్లో నా మాట వినేది పిల్లి ఒక్కటే. అది కూడా పాల కోసమే.’ ఎవరిదమ్మా ఈ గోడు?”

లాంచీ అంతా నవ్వింది. బాబాయి మరీ గట్టిగా నవ్వాడు. నాకు నీళ్ళలో దూకాలనిపించింది. ఒళ్ళో అమ్మవారు ఉంది కనక ఆగాను. దూకితే తిన్నగా అడుక్కే తీసుకుపోయేది, వాళ్ళ ఊరికి.

కొండ మీద మ్యూజియం గుమ్మం దగ్గర కాపలా ఆయన బుట్టలూ సంచులూ లోపలికి తీసుకుపోకూడదన్నాడు. బుట్ట సరే. అమ్మవారిని బయట వదలడానికి నాయనమ్మ ఒప్పుకోదు. “ముందు దాని పని కానియ్యండి, తర్వాత మీ చూడ్డాలు” అంది. నేను గుమ్మంలోంచి లోపలి చీకట్లోకి ఒక్కసారి తొంగి చూశాను. చల్లటి రాతివాసన తగిలింది. “ఏమే, రా!” అని కేక.

తర్వాత మొదలైంది అసలు గొడవ. ఊరు ఎటువైపు ఉందో ఎవరికీ తెలీదు. అమ్మవారిని ఊరివైపు మొహం పెట్టి కూర్చోబెట్టాలి. బాబాయి ఒకవైపు చూపించాడు. లాంచీ మనిషి ఇంకోవైపు చూపించాడు. నాయనమ్మ కొండ అంచు వెంబడి నడుస్తూ, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళలోకి చూస్తుంది, కాదంటుంది, ఇంకో పది గజాలు పోతుంది. వెనకే మూటతో బాబాయి, బుట్టతో నేను. ఎండ నెత్తి మీదికొచ్చింది. తిరుగు లాంచీకి టైము దగ్గరపడుతోంది. బాబాయి పడమటివైపు ఒక చిన్న మబ్బు ముక్కను పట్టుకున్నాడు. “అమ్మా, ఏదో ఒకవైపు పెట్టెయ్యవే, కల్లంలో కాయ!” అంటున్నాడు. నేనైతే పళ్ళు కొరుక్కుంటున్నాను. అన్నీ నీళ్ళే కదా! ఎటు పెడితే ఏం?

చివరికి ఒకచోట ఆగింది. ఎందుకు ఆగిందో మాకు తెలీదు. మిగతా చోట్లలాగే అక్కడా నీళ్ళే.

పూజ చేసింది. చీర కప్పింది, గాజులు పెట్టింది. చలిమిడి ఉండ ఒకటి నీళ్ళలోకి విసిరింది. “చూడమ్మా, తనివితీరా చూసుకో. అదిగో మన వీధి. అదిగో మనింటి వెనక దొడ్డి” అని చూపిస్తోంది. నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని ఎప్పుడవుతుందా అని నిలబడ్డాను. ఉన్నట్టుండి మాట ఆపేసింది. చాలాసేపు ముక్కు ఎగబీలుస్తూ ఉండిపోయింది. ఏడుస్తోందనుకున్నాను. కాదు. వాసన చూస్తోంది.

“వాసన లేదే అమ్మాయ్” అంది నాతో. “ఊరన్నాక ఒక వాసనుండాలి కదా. పేడో, పొగో, ఎండిన మిరపకాయో. ఈ నీళ్ళకి ఏ వాసనా లేదు.”

చెంబు అందించాను. తాగి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ మామూలు నాయనమ్మ అయింది.

“ఇంక నువ్వు పో. నీ రాళ్ళేవో చూసుకో పో. పొద్దున్నించీ మొహం గంటు పెట్టుకుని చచ్చావు.”

పరిగెత్తాను. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని పరిగెత్తాను. ఖాళీ పేజీలు మాత్రమే మిగిలిన డైరీతో గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టాను. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక మొట్టమొదట కనపడింది గోడ వారగా ఒక పలక. తెల్లగా, కాస్త లేతపచ్చగా. దాని మీద సగం తామరపువ్వు. వరస వెనక వరస రేకులు. ప్రతి రేకు అంచునా ఒక వంపు తిరిగిన గీత.

ఆ గీత నాకు తెలుసు. దాని కోసం ఒకప్పుడు వీపు మీద దెబ్బ తిన్నాను.

ఆశ్చర్యపోయే తీరిక కూడా దొరకలేదు. బయటినుంచి, లాంచీలో నా డైరీ చదివిన గడ్డం పెద్దాయన గొంతు వినపడింది. “పిల్లిగల అమ్మాయీ! మీ నాయనమ్మని రేవులో పట్టుకున్నారు, రా!”

రేవు దగ్గర జనం గుంపుగా ఉన్నారు. తిరిగి వెళ్ళేవాళ్ళ సంచులు చూడడం అక్కడ మామూలు, రాళ్ళు ఎత్తుకుపోకుండా. కాపలా ఆయన మూట విప్పి, అమ్మవారిని పైకి పట్టుకుని ఉన్నాడు. నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుని వేలాడుతోంది.

“ఈడి రాళ్ళు బయటికి పోకూడదని బోర్డు రాసుంది, చూళ్ళేదా మామ్మా?”

“ఈడిది కాదయ్యా బాబూ! మేం పొద్దున్నే తెచ్చుకున్నాం.”

“రాళ్ళు ఎత్తుకుపోయేవాళ్ళని చూసినా గానీ, ఈ కొండకి రాయి మోసుకొచ్చేవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు!”

అందరూ నవ్వారు. లాంచీ మనిషి, “తెచ్చింది నిజమేనన్నా, మూటనైతే చూసినా. అందులో ఏముందో నేను చూళ్ళేదు” అన్నాడు. సాయం చేశాడో, ముంచాడో అర్థం కాలేదు.

అంతలో మ్యూజియం ఆఫీసరు గారు వచ్చారు. సన్నగా, నెరిసిన జుట్టుతో, కళ్ళజోడు పెట్టుకుని, మెత్తగా మాట్లాడే మనిషి. రాయిని రెండు చేతులా తీసుకున్నారు. మిగతావాళ్ళు రాయిని పట్టుకున్నట్టు కాదు, పసిపిల్ల మెడకింద చెయ్యి వేసి పట్టుకున్నట్టు. పెచ్చు ఊడిన అంచు మీద బొటనవేలు అటూ ఇటూ ఆడించి ఆగారు.

“మీది ఏ ఊరు మామ్మగారూ? ఇది మీకు ఎక్కడ దొరికింది?”

నాయనమ్మ అబద్ధం ఆడదు. ఆడడం చేతకాదు. ‘మా నాన్న చాల్లో’ అనడానికి నోరు తెరిచింది. బాబాయి కాలు తొక్కాడు. ఆఫీసరు గారు నిదానంగా చెబుతున్నారు. ఈ లోయలో దొరికిన రాళ్ళన్నీ ఈ కొండకే చెందుతాయి, ఒకవేళ ఇది అలాంటిదైతే ఇక్కడే ఉండాలి, మంచి చోట పెడతాం, భద్రంగా చూసుకుంటాం.

ఆ మాటల్లో తప్పు ఒక్కటి లేదు. నిజానికి నేను మనసులో ఆయన పక్షమే. ఇప్పుడే కదా చూసి వచ్చాను! మా కల్లంలో మిరపదుమ్ము తింటున్నది ఆ గోడవారన చల్లగా ఉండాల్సిన పువ్వు. ఆ మాట చెప్పగలిగిన మనిషిని ఆ రేవులో నేనొక్కదాన్నే.

నాయనమ్మ నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

“అమ్మవారేంది, శిల్పమేంది బాబూ” అంది. గొంతు వేరేగా ఉంది. “అది కారం దంచుకునే రాయి.”

రాయి అంది! నేనూ బాబాయీ మొహమొహాలు చూసుకున్నాం.

“మరి కళ్ళు పెట్టారే?” అన్నాడు కాపలా ఆయన.

“ముసల్దాన్ని, మతిలేక పెట్టా. కావాలంటే వాసన చూడండి.”

ఆఫీసరు గారు మొహం దగ్గరగా పెట్టుకుని వాసన చూశారు. ఇన్నేళ్ళ మిరపదుమ్ము, నూనెలో ఊరి ఊరి ఉన్నది, ఆయన ముక్కులోకి ఒక్కసారిగా పోయింది. తుమ్మారు. కళ్ళజోడు జారింది. మళ్ళీ తుమ్మారు. రాయి జారుతుందేమోనని గుండెకి హత్తుకుని మరీ తుమ్మారు. దగ్గరకెళ్ళిన కాపలా ఆయనకీ అంటుకుంది. “ఈ ఘాటు మ్యూజియంలో రాయికి ఎట్టా వస్తుందయ్యా, ఇచ్చెయ్యండి, లాంచీ పోవాల” అని జనంలోంచి కేకలు.

ఆయన కళ్ళు తుడుచుకుని, జనాన్ని వదిలేసి నావైపు తిరిగారు. నా చేతిలో డైరీ, పెన్ను చూశారనుకుంటాను.

“నువ్వు చదువుకుంటున్నట్టున్నావు. నువ్వు చెప్పమ్మా. ఏమిటిది?”

కొత్తవాళ్ళతో నేను అంతకుముందు మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాయనమ్మ నావైపు చూడడం లేదు. నీళ్ళవైపు చూస్తోంది, వాసన లేని ఆ నీళ్ళవైపు.

“కారం రాయండి” అన్నాను.

ఆయన నన్ను చూశారు, నాయనమ్మని చూశారు. చేతిలోదాన్ని కాసేపు చూసి, నాయనమ్మ చేతుల్లో పెట్టారు.

“సరే మామ్మగారూ. ఈసారి నుంచి దంచితే వెనకవైపు దంచుకోండి. ముందువైపు మాత్రం దంచకండి.”

ఆయనకి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు.

లాంచీలో నాయనమ్మ మూట విప్పి, మొహం దగ్గర మొహం పెట్టి లెంపలు వాయించుకుంటూనే ఉంది. “పుట్టింటి గడపలో నిలబెట్టి నిన్ను కాదన్నానే తల్లీ. రాయి అన్నానే.” బాబాయి ఆకాశం చూస్తున్నాడు. మబ్బు ముక్క ఇప్పుడు మబ్బు అయింది. నేను మ్యూజియంలో చూసిన ఆ ఒక్క పలక గురించి రాద్దామని డైరీ తెరిచాను. కొత్త రీఫిల్ రాయలేదు.

మేం ఊరు చేరేసరికి కల్లం తడిసింది. అమ్మా కూలీలూ సగం పైన కప్పగలిగారు, మిగతాది తాలైపోయింది. దగ్గరుండి కప్పించే మగమనిషి లేకే తడిసిందని బాబాయి, అమ్మవారిని కాదన్నందుకే తడిసిందని నాయనమ్మ, ఇద్దరూ ఆ వేసవంతా వాదించుకున్నారు. నేను నాన్నకు డైరీలో పేజీలు ఎందుకు లేవో చెప్పలేక చచ్చాను. నాకో డైరీ ఉందని ఆయనకి తెలిసిందే అప్పుడు.

అసలు తిప్పలు ఆ తర్వాత. ఆడిన మాట అబద్ధం కాకూడదని నాయనమ్మకి పట్టుకుంది. అమ్మ ఎదుట, అమ్మ గురించి ఆడిన మాట మరీను. రోజుల తరబడి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. మరుసటేడు మొదటి కోత కాయ ఎండగానే, స్నానం చేసి, అమ్మవారిని పీట మీద బోర్లా పడుకోబెట్టింది. ముందువైపు నొప్పి కలగకుండా కింద మెత్తగా పాతచీర మడతలు వేసింది. చదునుగా ఉన్న వెనకవైపున ఒక పిడికెడు కాయలు పోసి చిన్నరోకలితో దంచింది. “ఇంక నేనన్నది అబద్ధం కాదు” అని తిప్పి, కళ్ళు తుడిచి, కుంకుమ పెట్టింది. ఆ కారం ప్రసాదమని నాలుక మీద వేసింది. ఏ దేవుడి ప్రసాదానికీ నేను అంత ఏడవలేదు.

అప్పటినుంచీ ప్రతి ఏడూ అంతే. పెళ్ళయి ఇల్లు మారాక నాకు పోస్టులో ఆ కారం పొట్లం వచ్చేది. పొట్లం పట్టుకుని వచ్చే పోస్టుమాన్ తుమ్ముతూ వచ్చేవాడు.

నాయనమ్మ పోయాక, కల్లం ప్లాట్లయ్యాక, దాన్ని ఎవరూ పట్టించుకోకపోతే నేనే తెచ్చుకున్నాను. ఇప్పుడు మా ఫ్లాటు బాల్కనీలో, వాషింగ్ మిషను పక్కన ఉంటుంది. ఏడాదికోసారి బోర్లా తిప్పి ఒక పిడికెడు దంచుతాను. కింది ఫ్లాటాయన దగ్గుతూ పైకొచ్చి తలుపు కొడతాడు. ఏం చెప్పను ఆయనకి? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?

ఇదంతా ఫోనులో మేనకోడలికి చెప్పలేదు. అంత ఓపిక నాకు లేదు, వినే ఓపిక దానికి లేదు. ఈలోపు ఇంకో ఫొటో పంపింది.

“అత్తా, ఇది చూడు! మన బాల్కనీలో దానిలా లేదూ? దానంచు ఇలాగే కదా ఉంటుంది?”

కళ్ళజోడు సర్దుకుని చూశాను. గోడవారన అదే పలక. లైట్లు బాగా పెట్టారు. కడిగిన పువ్వులా ఉంది. ఆ రోజు నేను గుక్క తిప్పుకోకముందే వదిలేసి వచ్చిన పువ్వు.

“సగమే ఉందత్తా. మిగతా సగం మనదేమో!”

“అవి సగంగానే చెక్కుతారు. పెద్దయ్యాక చదివాను” అన్నాను. దాని ఉత్సాహం మీద నీళ్ళు పోసినట్టయింది కానీ, ఏం చేస్తాం.

“పోనీ మనది కూడా వీళ్ళకి ఇచ్చేద్దామా? నిజంగా అత్తా. వాషింగ్ మిషను పక్కన ఎందుకు చెప్పు? ఇక్కడ ఎంత బాగా ఉంటుంది!”

కాదనడానికి ఏముంది? దాని వయసులో నేను రేవులో నిలబడి మనసులో అనుకున్న మాటే అది. పైగా ఆఫీసరు గారికి బాకీ ఉన్నట్టు కూడా అప్పుడప్పుడు అనిపిస్తుంటుంది.

“ఇచ్చేద్దాంలే” అన్నాను. “కొత్త కాయ రానీ. చలిమిడి చెయ్యాలి, చీర కొనాలి. ఉత్తచేతులతో ఎట్టా పంపుతాం?”

అవతల దానికి నవ్వాగలేదు. “రాయికి చీరేంటత్తా!”

“ఇంకోసారి రాయి అన్నావంటే,” అన్నాను, “ఇంటికొచ్చాక నీకు పెరుగు లేదు.”